మొహం కడుక్కుంట, బోళ్లు కడుగుత



స్పానిష్ నేర్చుకునే వాళ్లకు, వాళ్లు ఏ దేశం వాళ్లయినా సరే, మొదట్లోనే ఒక పాఠం ఎదురవుతుంది. పొద్దుగాల లేచిన దగ్గర నుంచి రాత్రి పండుకునే దాకా నువ్వు ఏమేం చేస్తవో చెప్పు అని అడుగుతుంది ఆ పాఠం. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: మీ ఇంట్లో ఏ పని ఎవరు చేస్తరు? మొదటిదాన్ని వాళ్లు 'రుతీనా దియారియా' అంటారు, అంటే దినచర్య. రెండోది 'తారేయాస్ దొమెస్తికాస్', ఇంటి పనులు. మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేటలో పుట్టి పెరిగిన ఆడపిల్లకో మగపిల్లగానికో ఈ రెండు పాఠాలూ లండన్‌లో చదివిన వాళ్లకంటే సులువుగా రావాలి. రావాలంటే ఒక్కటే షరతు, ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి పోకూడదు. తెలుగు నుంచి నేరుగా పోవాలి. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదే.

మా ఊళ్లో స్పానిష్ ఎందుకమ్మా అని పెద్దవాళ్లు అడుగుతారు. అడగవలసిన మాటే. ఇరవై దేశాల్లో అది అధికార భాష. దాన్ని తల్లిభాషగా మాట్లాడేవాళ్లు యాభై కోట్లకు దగ్గర్లో ఉన్నారు. అమెరికాలోనే నాలుగు కోట్ల మందికి పైగా ఇంట్లో ఆ భాష మాట్లాడతారు. హైదరాబాద్ కంపెనీల్లో స్పానిష్ వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఉద్యోగాలున్నాయి. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో దాన్ని చక్కగా నేర్పుతారు. 1958లో ఇంగ్లీషు కోసమే పెట్టిన సంస్థ అది. 1972లో విదేశీ భాషలు చేరాయి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. మన జిల్లా నుంచి డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న పిల్లలు ఆ గేటు దాకా పోయి ఒకసారి అడిగి రావచ్చు.

తెలుగు పల్లెకూ స్పానిష్‌కూ ఇంతకంటే పాత చుట్టరికం అనంతపురంలో ఉంది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి ట్రస్టు మొదలుపెట్టారు. దాన్నే ఆర్డీటీ అంటారు, రాయలసీమలో ఆ పేరు తెలియని ఇల్లుండదు. 2009లో కన్నుమూసేదాకా ఆయన అక్కడే ఉన్నారు. ఆ సంస్థ కట్టించిన ఇళ్లను ఆడవాళ్ల పేరు మీదే రిజిస్టరు చేయించడం ఆయన పెట్టిన పద్ధతి. స్పెయిన్‌లోని కుటుంబాలు అనంతపురం పల్లెల పిల్లల చదువుకు నెలనెలా డబ్బు పంపుతూ వచ్చాయి. పిల్లలు వాళ్లకు ఉత్తరాలు రాస్తారు, అవి అనువాదమై సముద్రాలు దాటుతాయి. పదేళ్ల పిల్ల తనకు ముఖం తెలియని ఒక స్పెయిన్ అమ్మకు ఉత్తరం రాయాలంటే ఏం రాస్తుంది? బడి గురించి, పండుగ గురించి, ఇంట్లో ఎవరెవరు ఏం చేస్తారో దాని గురించి రాస్తుంది. స్పానిష్ మొదటి పాఠం అడిగేదీ అదే. తర్వాత ఆ సంస్థ పల్లెటూరి డిగ్రీ పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడి కూడా పెట్టింది. స్పానిష్ నేర్చుకుని ఉద్యోగాల్లో కుదురుకున్న అనంతపురం రైతుబిడ్డలు ఉన్నారు. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

ఇక భాషలోకి వస్తాను. రెండు వాక్యాలు పైకి అనుకోండి.

మొహం కడుక్కుంట. బోళ్లు కడుగుత.

కడుగుడు అన్న పని రెంటిలోనూ ఒక్కటే. మొదటి దాంట్లో మాత్రం 'కొను' దూరి 'కడుక్కుంట' అయింది. చేసిన పని చేసిన మనిషికే చెందుతుందని ఆ 'కొను' చెప్తుంది. తల దువ్వుకుంట అంటే నా తల, బిడ్డకు తల దువ్వుత అంటే ఆమె తల. అంగీ తొడుక్కుంట అంటే నా ఒంటికి, పోరనికి అంగీ తొడుగుత అంటే వాని ఒంటికి. మూడేళ్ల పిల్ల కూడా దీన్ని తప్పు పలకదు. ఎవరూ నేర్పలేదు, ఏ వ్యాకరణమూ చదవలేదు, అయినా దానికి వచ్చు.

స్పానిష్‌లో సరిగ్గా ఈ పనినే 'మే' అనే చిన్న మాట చేస్తుంది. 'మే లాబో లా కారా', మొహం కడుక్కుంట. 'లాబో లోస్ త్రాస్తేస్', బోళ్లు కడుగుత. 'మే పెయ్నో', తల దువ్వుకుంట. 'పెయ్నో ఆ మి ఇహా', నా బిడ్డకు తల దువ్వుత. 'మే బీస్తో', బట్టలేసుకుంట. 'బీస్తో అల్ నీఞో', పిల్లగానికి బట్టలేస్త. నువ్వు కడుక్కుంటే 'తే', ఆమె కడుక్కున్నా ఆయన కడుక్కున్నా 'సే', మనం కడుక్కుంటే 'నోస్'. మన 'కొను' అందరికీ ఒకటే, వాళ్లకు మనిషి మారితే ఈ మాట మారుతుంది. తేడా అంతే.

ఇంగ్లీషులో మొహానికైనా బోళ్లకైనా 'వాష్' ఒక్కటే. ఎవరి మొహమో చెప్పడానికి 'మై' అనే మాటను తెచ్చి తగిలించాలి. మన పిల్లలు ఫోన్‌లో చూసే స్పానిష్ పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. దాంతో తలలో ఉన్న తెలుగు వాక్యాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషును స్పానిష్‌లోకి మారుస్తారు. దారిలో 'కొను' జారిపోతుంది. జారిపోయినదాన్ని మళ్లీ 'ఆత్మార్థక క్రియ' అనే పెద్ద పేరుతో కొత్తగా బట్టీ పెడతారు. చేతిలో ఉన్నదాన్ని పారేసి అంగట్లో కొనుక్కున్నట్టే కదా ఇది! ఇంకో విశేషం చూడండి. 'నేను నా పండ్లు తోముకుంట' అని మనలో ఎవరంటారు? 'పండ్లు తోముకుంట' అంటాం. స్పానిష్ వాళ్లూ 'నా' అనరు. 'మే సెపియో లోస్ దియెంతేస్' అంటే ఉత్త 'పండ్లు తోముకుంట' అనే. ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లలు ఇక్కడ 'మిస్ దియెంతేస్', అంటే 'నా పండ్లు' అనేస్తారు. నేరుగా తెలుగు నుంచి వచ్చిన పిల్ల అనదు.

అన్నిచోట్లా జోడీ కుదరదు, అది కూడా చెప్పాలి. మనం 'లేస్త' అంటాం, అందులో 'కొను' లేదు. వాళ్లు 'మే లెబాంతో' అంటారు. 'లెబాంతో' అంటే ఎత్తుత, లేపుత. అంటే వాళ్లు తమను తాము లేపుకుంటారు. మనం స్నానం చేస్తం, వాళ్లు 'మే బాఞో' అంటారు, అక్కడా 'మే' ఉంది. మనం అన్నం వండుకుంటం, వాళ్లు ఉత్త 'కొసీనో' అంటారు. ఇట్లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టుకుని గుర్తుంచుకోవాలి. రాత్రి పడక దగ్గర మళ్లీ కలుస్తాం: పండుకుంట, 'మే అకుయెస్తో'.

ఉచ్చారణ సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతాను. స్పానిష్ త, ద మన త, ద లాగానే నాలుక పండ్లకు తాకి పలుకుతాయి. ఇంగ్లీషు వాళ్లకు వాటిని సాధించడం అంత సులువు కాదు. అక్షరమాలలో ఉండి విడిగా పలకని మన 'ఞ' వాళ్లకు రోజూ పనికొచ్చే అక్షరం: నీఞో, బాఞో. ఇక వాళ్ల ఒత్తు 'ర్ర'. దాన్ని పలకలేక ప్రపంచమంతా తంటాలు పడుతుంది. ఊడ్చడాన్ని వాళ్లు 'బర్రేర్' అంటారు. నేను ఊడుస్త 'బర్రో', నువ్వు ఊడుస్తవు 'బర్రేస్', ఆమె ఊడుస్తది 'బర్రే', మనం ఊడుస్తం 'బర్రేమోస్', వాళ్లు ఊడుస్తరు 'బర్రేన్'. కొట్టంలో బర్రె ఉన్న ఇంటి పిల్లకు 'ర్ర' ఎట్లా పలకాలో నేర్పాలా? 'మి మాద్రే బర్రే', మా అమ్మ ఊడుస్తది. ఈ వాక్యం విని క్లాసులో పిల్లలు పగలబడి నవ్వుతారు, నవ్వినందుకు అది జన్మలో మరిచిపోరు.

క్రియ చివరనే మనిషి తెలిసిపోవడం కూడా మనకు కొత్త కాదు. 'ఊడుస్త' అంటే నేను అని వేరే చెప్పక్కర్లేదు, 'బర్రో' అన్నా అంతే. ఒక్క చోట మన భాష ఇంకా తేటగా ఉంటుంది. 'బర్రే' అంటే ఆమె ఊడుస్తదో ఆయన ఊడుస్తడో తెలియదు. మన క్రియ ఆ సంగతి దాచదు. ఈ మాట గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

పాఠ్యపుస్తకంలో ఉండే దినచర్య నగరంలో ఉండే మనిషిది. అలారం మోగుతుంది, షవర్ కింద స్నానం, కాఫీ, మెట్రో రైలు, ఆఫీసు, రెండు మూడు గంటలకు మధ్యాహ్న భోజనం, రాత్రి తొమ్మిదీ పదింటికి భోజనం. ఇంటి పనుల పాఠంలో దుమ్ము పీల్చే యంత్రం, గిన్నెలు కడిగే యంత్రం, పరుపు సర్దుడు. మన పిల్ల ఈ మాటలన్నీ కంఠస్థం చేసి పరీక్ష రాసి, తన రోజు గురించి ఎవరైనా అడిగితే లేని మెట్రో ఎక్కినట్టు చెప్తుంది. ఇది నాకు బాధగా ఉంటుంది. ఆమె రోజు ఆమెకుంది. చాప చుట్టి మూలకు పెట్టుడు, వాకిలి ఊడ్చి పెండ నీళ్లు చల్లి ముగ్గేసుడు, కొట్టంలో పెండ తీసుడు, బర్రె పాలు పిండుడు, బిందెలు నింపుడు, బట్టలు పిండి దండెం మీద ఆరేసుడు. పంచాయతీ ట్రాక్టరు వచ్చినప్పుడు చెత్తబుట్ట బయటపెట్టుడు. వాకిళ్లు సిమెంటు అయిన చోట పెండ నీళ్లు తగ్గాయి, నల్లా వచ్చిన ఇంట్లో బిందెల మోత తగ్గింది, గ్యాసు వచ్చిన చోట కట్టెల మోపు తగ్గింది. మిగిలినవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. వీటికి స్పానిష్‌లో మాటలున్నాయి, మాడ్రిడ్ పుస్తకంలో లేకపోవచ్చు గానీ మెక్సికో పల్లెలో ఉన్నాయి.

మెక్సికోలో నేల మీద పరుచుకుని పండుకునే చాపకు 'పెతాతే' అని పేరు. పొద్దున దాన్ని చుట్టేస్తారు: 'ఎన్‌రోయో ఎల్ పెతాతే'. మట్టి వాకిలి మీద ముందు నీళ్లు చిలకరించి అప్పుడు ఊడ్చే అలవాటు అక్కడి పల్లెల్లోనూ ఉంది. చల్లడాన్ని 'రెగార్' అంటారు. పెండ కలిపి చల్లుతామంటే వాళ్లు ఎందుకని అడుగుతారు. అడగనివ్వండి, అక్కడి నుంచే కదా అసలు మాటలు మొదలయ్యేది. పాలు పిండుతా అనడానికి 'ఓర్దేఞో లా బూఫాలా'. అక్కడి పల్లెల్లో మక్కలను రాత్రి సున్నపు నీళ్లలో ఉడికించి నానబెట్టి, తెల్లారి రాయి మీద నూరి, ఆ ముద్దను రెండు చేతుల మధ్య చరుచుకుంటూ పల్చగా చేసి, పెంక మీద కాలుస్తారు. నూరే రాయి 'మెతాతే', పెంక 'కొమాల్', రొట్టె 'తోర్తియా'. జొన్నరొట్టె కొట్టడం వచ్చిన మా అవ్వలు ఆ చేతుల చప్పుడు వింటే, వేరే దేశమని చెప్పినా నమ్మరు. మన చెలకల్లో పండే మక్కజొన్న, మిరప రెండూ మొదట ఆ మెక్సికో వైపు నుంచి వచ్చినవే. పంట వచ్చిన దారిలో దాని చుట్టూ ఉండే పని మాటలు కూడా మనకు అందుతాయి.

ఇంకో సంగతి. బోళ్లు తోముడును స్పెయిన్‌లో 'ఫ్రెగార్ లోస్ ప్లాతోస్' అంటారు, మెక్సికోలో 'లాబార్ లోస్ త్రాస్తేస్' అంటారు. మా దిక్కు బోళ్లు తోముడు, కోస్తాలో అంట్లు తోమడం. వాళ్లలో ఏది సరైన స్పానిష్ అని పిల్లలు అడుగుతారు. రెండూ సరైనవే. పరీక్షలో రాసిన తమ ఇంటి మాటను కొట్టేయగా చూసిన తెలంగాణ పిల్లలకు ఈ జవాబు విలువ తెలుసు.

అమెరికాకు పోయిన మన పిల్లలకు స్పానిష్ ముందు ఎక్కడ ఎదురవుతుందో తెలుసా? టెక్సస్‌లో చదువుకుంటూ హోటల్ వంటింట్లోనో, పెట్రోల్ బంకు పక్క దుకాణంలోనో పనిచేసే కుర్రవాడికి పక్కన నిలబడి పనిచేసే మెక్సికో మనిషి దగ్గర ఎదురవుతుంది. 'లింపియార్', తుడుచుడు. 'త్రాపెయార్', తడిగుడ్డ పెట్టుడు. 'బసూరా', చెత్త. తర్వాత ఉద్యోగం వచ్చి ఇల్లు కొనుక్కుంటారు, ఆ ఇల్లు తుడవడానికి వచ్చే ఆమె కూడా స్పానిషే మాట్లాడుతుంది. తెలుగు కుటుంబం ఆమెతో చీపురు మాటలు, బట్టల మాటలు, స్నానాలగది మాటలే మాట్లాడుతుంది. ఏండ్లు గడిచినా ఆమె ఇంట్లో పొద్దుగాల ఎవరు లేస్తరో, ఆమె పిల్లలకు తల ఎవరు దువ్వుతరో అడిగినవాళ్లు తక్కువ. ఆ రెండు వాక్యాలు అడగడానికి మొదటి పాఠం చాలు. అడగండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటుకు వచ్చాను. స్పానిష్ నేర్పేటప్పుడు నేను పిల్లలతో రెండు పేజీలు రాయిస్తాను. ఒకటి బాపు రోజు, ఇంకొకటి అమ్మ రోజు. రాశాక 'సే' ఉన్న క్రియల కింద గీత గీయమంటాను. మన లెక్కలో చెప్పాలంటే, 'కొను' ఉన్న క్రియల కింద. బాపు పేజీ చూడండి: లేస్తడు, పండ్లు తోముకుంటడు, మొహం కడుక్కుంటడు, అంగీ వేసుకుంటడు, కూసుంటడు, పొలం పోతడు, వచ్చి కాళ్లు కడుక్కుంటడు, పండుకుంటడు. గీతలే గీతలు. అమ్మ పేజీలో గీతలు తక్కువ. నాలుగు గొట్టంగ లేస్తది, ఊడుస్తది, చల్లుతది, తోముతది, పిండుతది, వండుతది, పెడుతది, పిల్లకు జడ వేస్తది, సద్ది కడుతది. ఆ తర్వాత నాట్లకో, పత్తి ఏరనో, మిరప తెంపనో పోతది. సాయంత్రం వచ్చి మళ్లీ ఊడుస్తది, వండుతది, తోముతది. ఆమె తల దువ్వుకునేది ఎప్పుడో కొందరు పిల్లలకు గుర్తే రాదు. బాపు పని చేయడని కాదు. రాత్రిళ్లు మోటారు దగ్గరికి పోయేది, దున్నేది, మందు కొట్టేది ఆయనే. కానీ ఇంటి లోపలికి అడుగు పెట్టాక ఆయన క్రియలు ఆయన వైపు తిరుగుతాయి. అమ్మ క్రియలు అందరి వైపు తిరుగుతాయి. ఈ మాట వాళ్లకు నేను చెప్పను. గీతలు లెక్కపెట్టి వాళ్లే చెప్తారు. పేజీలు మార్చుకుని చదువుకునేటప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది.

ఈ గీతలను దేశం లెక్కలోనూ చూడవచ్చు. మన జాతీయ గణాంక కార్యాలయం 2019లో సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు నిండిన స్త్రీలలో 81.2 శాతం మంది రోజులో జీతం లేని ఇంటి పని చేశారు, పురుషులలో 26.1 శాతం మంది. చేసినవాళ్ల సగటు స్త్రీలకు 299 నిమిషాలు, పురుషులకు 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్కించారు: స్త్రీలకు 289, పురుషులకు 88. స్త్రీల పని పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపే పురుషుల పని తొమ్మిది నిమిషాలు తగ్గింది. ఇద్దరి మధ్య తేడా 2019లో 202 నిమిషాలు, 2024లో 201. పిల్లలను, ముసలివాళ్లను చూసుకునే పని ఇందులో కలపలేదు, దాన్ని విడిగా లెక్కించారు.

స్పానిష్ మాట్లాడే దేశం ఈ విషయంలో ఎట్లా ఉంది? స్పెయిన్ మనకంటే పుట్టుకతో మంచిదేం కాదు. 1975 దాకా అక్కడ పెళ్లయిన ఆడమనిషి ఉద్యోగంలో చేరాలన్నా బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త అనుమతి కావాలి. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు, 2005లో, పౌర స్మృతిలోని 68వ అధికరణానికి ఒక వాక్యం చేర్చారు. భార్యాభర్తలు ఇంటి బాధ్యతలను, పెద్దల, పిల్లల సంరక్షణను పంచుకోవాలి అని దాని సారం. పౌర వివాహం జరిగేటప్పుడు ఆ అధికరణాన్ని పెళ్లికొడుకు, పెళ్లికూతురు ముందు పైకి చదువుతారు. బోళ్లూ చీపురూ పెళ్లి ప్రమాణంలోకి వచ్చాయన్నమాట. చట్టం పెట్టగానే ఇళ్లు మారవు. 2009–10లో అక్కడ జరిగిన సర్వేలో ఇంటి పని, సంరక్షణ కలిపి, చేసేవాళ్ల సగటు చూస్తే, స్త్రీలు రోజుకు 4 గంటల 29 నిమిషాలు, పురుషులు 2 గంటల 32 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అప్పటికీ దాదాపు రెండు గంటల తేడా. 2018 మార్చి 8న స్పెయిన్ స్త్రీలు సమ్మె చేశారు. ఆఫీసు పనితో పాటు ఇంటి పనీ ఆపేశారు. సమ్మెకు గుర్తుగా వంట చేసేటప్పుడు కట్టుకునే ముందుగుడ్డలను, వాళ్ల మాటలో 'దెలాంతాల్'లను, బాల్కనీలకు వేలాడదీశారు. ఇంటి పనుల పాఠంలో 'దెలాంతాల్' అనే మాట వచ్చినప్పుడు ఈ ముచ్చట చెప్పకుండా నేను దాటిపోను.

అట్లాగే 'ఫ్రెగోనా'. మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దే పనిమనిషిని పూర్వం అట్లా పిలిచేవారు. సెర్వాంతెస్ 1613లో అచ్చు వేసిన కథల్లో ఒకదాని పేరులో ఆ మాట ఉంది. 1956లో సరగోసాలో మాన్యుయెల్ హలోన్ అనే విమానాల ఇంజనీరు కర్రకు కట్టిన తుడుపుగుడ్డను, పిండే బకెట్‌ను తయారుచేయించి అమ్మకానికి పెట్టాడు. ఆ పేరు మనిషి మీది నుంచి పనిముట్టు మీదికి మారింది, ఆడవాళ్లు మోకాళ్ల మీది నుంచి లేచి నిలబడ్డారు. స్పెయిన్‌లో ఇప్పటికీ ఆయన పేరు గౌరవంగా చెప్పుకుంటారు. యుద్ధాలు గెలిచిన వాళ్లకంటే ఇట్లాంటి వాళ్ల గురించి పిల్లలకు చెప్పడం నాకిష్టం.

ఇంట్లో మనం వాడే ఒక వాక్యాన్ని గమనించండి. 'వాకిలి ఊడ్వాలె.' 'బోళ్లు తోమాలె.' ఎవరు? చెప్పలేదు. క్రియ చివర సాధారణంగా మనిషిని చూపే మన తెలుగు, ఈ 'ఆలె' దగ్గర మాత్రం ఎవరి పేరూ చెప్పదు. స్పానిష్‌లోనూ ఇదే ఉంది: 'ఆయ్ కే బర్రేర్', ఊడ్వాలె. ఎవరి పేరూ లేకుండా ఆ వాక్యం గాలిలో ఉంటుంది, ఇంట్లో ఎవరు వినవలసి ఉందో వాళ్లకే వినబడుతుంది. అది ఎప్పుడూ ఒకరికే వినబడుతుంది. అందుకని నేను పిల్లలకు రెండో వాక్యం వెంటనే నేర్పుతాను: 'మే తోకా బర్రేర్', ఊడ్చే వంతు నాది. 'తే తోకా ఆ తీ', నీ వంతు. ఇంకో జాగ్రత్త కూడా చెప్తాను. మగపిల్లలు 'అయూదో ఆ మి మాద్రే' అని రాస్తారు, అమ్మకు సాయం చేస్త అని. మంచి మనసుతోనే రాస్తారు. సాయం అన్నప్పుడు పని మాత్రం అమ్మదేనని ఒప్పుకున్నట్టు. స్పెయిన్ చట్టంలో వాడిన క్రియ 'కొంపార్తీర్', పంచుకొను. ఆ క్రియను తెలుగులో చెప్పాలంటే చివర 'కొను' వచ్చింది చూడండి.

స్పానిష్ నేర్చుకుందామనుకునే పిల్లలు ఈ వారం ఒక పని చేయండి. పుస్తకంలో ఉన్న రోజు వద్దు, మీ ఇంటి రోజు రాయండి, ముందు తెలుగులో, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. తండాల్లో ఉండి ఇంట్లో గోర్‌బోలీ మాట్లాడేవాళ్లు ఆ భాషలోనే రాసుకోండి, తెలుగు అక్షరాల్లో రాసినా సరే. 'కొను' ఉన్న క్రియలను ఒక పక్కకు, లేనివాటిని ఇంకో పక్కకు పెట్టండి. మొదటి పక్క 'మే' తగిలించండి, రెండో పక్క తగిలించకండి; లేస్త, స్నానం చేస్త, వండుకుంట లాంటి జోడీ కుదరనివి మాత్రం గుర్తుంచుకోండి. ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ ఒక పేజీ కేటాయించండి, తాతకూ నానమ్మకూ కూడా; వాళ్ల పేజీల్లో 'మే' బదులు 'సే' రాయండి. 'కియేన్ బర్రే ఎన్ తూ కాసా', మీ ఇంట్లో ఎవరు ఊడుస్తరు అని ఒకరినొకరు అడగండి. స్పానిష్ జవాబులో ఆయనో ఆమెనో తెలియదు కాబట్టి పేరు పెట్టి చెప్పండి. చివరగా 'ఆయ్ కే' అని మొదలైన వాక్యాలు ఎక్కడుంటే అక్కడ కొట్టేసి, ఎవరి వంతో రాయండి. ఆ కాగితాన్ని పొయ్యి పక్క గోడకు అంటించి, రేపు పొద్దుగాల చీపురు పట్టినవాళ్లు తమ వాక్యాన్ని స్పానిష్‌లో పైకి చదివి మొదలుపెట్టండి.